వేలాడే మల్బరీ: నాటడం నుంచి మూడో కత్తిరింపు దాకా

చేపట్టిన పని

ఒకే నిటారు మాను. దాని మీద 160 సెంటీమీటర్ల ఎత్తున అంటు. అక్కణ్ణుంచి చుట్టూ నేలవైపు జారే కొమ్మలు. మూడు పెరుగుదల కాలాలు ముగిసేసరికి గొడుగు వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లకు చేరాలి, లోపల గాలి ఆడాలి.

చెట్టు తెల్ల మల్బరీ, శాస్త్రనామం మోరస్ ఆల్బా. పట్టుపురుగు మేసేది ఈ జాతి ఆకే. మేత కోసం పెంచే తోటతో దీనికి పోలిక మాత్రం అక్కడితో సరి. తోటలో ఆకు బరువు కావాలి కాబట్టి కొమ్మలన్నీ మొదలు దాకా కొట్టేసి, ఎరువు దండిగా పెట్టి, చిగురు మీద చిగురు తెప్పిస్తారు. ఇక్కడ కావలసింది ఆకారం. నీళ్లూ ఎరువూ చెట్టును బతికిస్తాయి, అంతవరకే. గొడుగు విప్పుకోవడం, విప్పుకోకపోవడం ఏ మొగ్గ దగ్గర కత్తెర పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఈ డైరీలో ఎరువుకు నాలుగు ముక్కలే, కత్తిరింపుకు చాలా చోటు.

వేలాడే రకానికి నిలువుగా సాగే తలకొమ్మ ఉండదు. చిగురు ఓ జానెడు పైకో పక్కకో వెళ్లి వంగిపోతుంది. కనక చెట్టు ఎత్తు ఎంతో అంటు ఎత్తే చెబుతుంది. పాత కొమ్మల వంపు మీద కొత్తవి పేరుకుని కాస్త పెరుగుతుందేమో గానీ, మొక్క దానంతట అది ఎదుగుతుందని పొట్టి అంటు కొంటే కొమ్మలు త్వరలోనే నేల ఊడుస్తాయి. 160 కంటే తక్కువ తీసుకోకపోవడమే మంచిది.

రకం

వేలాడే మల్బరీల్లో ఎక్కువగా దొరికేవి రెండు. 'పెండ్యులా' ఆడచెట్టు, కాయలు కాస్తుంది. 'చాపరల్' మగచెట్టు, కాయదు. చెట్టు కింద బండలు పరిచి ఉన్నా, కారు ఆగే చోటైనా 'పెండ్యులా' వద్దు. పండిన కాయ రాలిన చోట ఊదా మరక పడుతుంది, రాతిలోకి ఇంకితే ఓ పట్టాన వదలదు. పైగా పిట్టలు తిని గింజలు నలుమూలలా జల్లుతాయి. ఉత్తర అమెరికాలో తెల్ల మల్బరీ అలాగే అడవుల్లోకి పాకి, అక్కడి సొంత జాతి ఎర్ర మల్బరీతో సంకరమై దాన్ని పలచన చేస్తోంది.

అలాగని మగచెట్టు సాధుజీవి ఏమీ కాదు. మల్బరీ పుప్పొడి గాలిలో పోతుంది, ఎలర్జీ ఉన్నవాళ్లను గట్టిగానే ఇబ్బంది పెడుతుంది. అమెరికాలో ఎల్ పాసో, అల్బుకెర్కీ లాంటి ఊళ్లు కాయలు కాయని మల్బరీ నాటడాన్నే నిషేధించాయి. మల్బరీ మగపువ్వు పుప్పొడిని విసిరే వేగం చూస్తే ఆ భయం అర్థమవుతుంది. 2006లో ప్రచురించిన కొలతల ప్రకారం కేసరం విచ్చుకోవడానికి పట్టేది సెకనులో 40,000వ వంతు. పుప్పొడి బయటపడే వేగం ధ్వని వేగంలో సగం దాటుతుంది.

ఈ పనికి ఎంచుకున్నది 'పెండ్యులా'. కింద గడ్డీ మట్టీ మాత్రమే ఉన్నాయి, కిటికీలు దూరంగా ఉన్నాయి. మెలికలు తిరిగిన కొమ్మల 'ఉన్ర్యు' కూడా అందమైనదే, కానీ అది వేలాడదు, నిలువుగా పెరుగుతుంది. దాన్ని పెంచే పద్ధతి వేరు, ఇక్కడ రాసినవి దానికి పనికిరావు.

మొక్కలో చూడవలసినవి

ముందు అంటు. మాను కొసన చిన్న బుడిపెలా ఉబ్బి, బెరడు రెండు వైపులా కలిసిపోయి ఉండాలి. చీలిక కనబడినా, అంటు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా బెరడులోకి దిగి ఉన్నా ఆ మొక్క వద్దు. పట్టీ ఉరి వేసిన చోట పైన బలుస్తుంది, కింద సన్నగా ఉండిపోతుంది, గొడుగు బరువెక్కాక గాలికి అక్కడే విరుగుతుంది.

తర్వాత కొమ్మల దిక్కు. అంటు నుంచి కనీసం నాలుగైదు కొమ్మలు చుట్టూ బయలుదేరి ఉండాలి. అన్నీ ఒకే పక్కకు ఉంటే ఆ ఖాళీ పూడ్చడానికి రెండేళ్లు పోతాయి. కొమ్మ పొడవు చూసి మోసపోవద్దు. మొదటి కత్తిరింపులో ఆ పొడవు ఎలాగూ పోతుంది.

చివరికి వేర్లు. కుండీ నుంచి మొక్కను పక్కకు వంచి లాగి చూడాలి. మల్బరీ వేరు పసుపు నారింజ కలిసిన రంగులో మెరుస్తుంది. తెల్లవేర్లు చూడటానికి అలవాటు పడ్డవాళ్లు దీన్ని తెగులనుకుని మంచి మొక్కను వదిలేస్తుంటారు. భయపడవలసింది నల్లగా మెత్తబడి, వేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడి వచ్చే వేరును చూసి. సన్న వేర్ల మీద పూసల్లాంటి ముడులుంటే అవి వేరుముడి నులిపురుగులు. వాటిని నేలలోకి తెచ్చుకున్నాక వదిలించుకోవడం దాదాపు అసాధ్యం, కాబట్టి మొక్కను అక్కడే వదిలేయాలి.

చోటు, మట్టి

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీడలో బతుకుతుంది గానీ కొమ్మలు సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, గొడుగు పలచగా వస్తుంది. గోడకూ, నీటి పైపులకూ, పరిచిన బండలకూ నాలుగు మీటర్ల దూరం పెట్టాం. పైన చెట్టు చిన్నదే. కింద వేరుకు మాత్రం పెద్ద మల్బరీ గుణమే ఉంటుంది, తడి తగిలిన సందు వెతుక్కుంటూ పోతుంది.

మట్టి విషయంలో దీనికి పెద్దగా పట్టింపులు లేవు. ఉదజని సూచిక (మట్టి పులుపు, క్షారం చెప్పే pH అంకె) 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. ఓర్చుకోలేనిది నిలవ నీరు ఒక్కటే. పరీక్ష సులువు: 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. మళ్లీ నింపి గంటలో మట్టం ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. మొదటిసారి పోసిన నీళ్లు పొడిమట్టి పీల్చేస్తుంది, ఆ లెక్క నమ్మదగింది కాదు. రెండోసారి గంటకు రెండు సెంటీమీటర్లు కూడా దిగకపోతే గుంతలో నాటవద్దు. నేల మీద 25, 30 సెంటీమీటర్ల ఎత్తు, మీటరున్నర వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటాలి. ఇక్కడ మూడున్నర దిగింది, మామూలు గుంతే సరిపోయింది.

నాటిన రోజు

ఆకు రాలి మొగ్గలు ఇంకా ఉబ్బని దశ. ఆకు పూర్తిగా రాల్చని వెచ్చని ప్రాంతాల్లో తొలకరి పడ్డాక నాటడం మేలు, నీళ్ల బాధ తగ్గుతుంది.

వేరుముద్ద ఎత్తు 32 సెంటీమీటర్లు, అడ్డం 35. గుంత లోతు 30, వెడల్పు మీటరు. లోతు కంటే వెడల్పు ముఖ్యం. కొత్త వేర్లు పైపొరలోనే పక్కలకు సాగుతాయి, కింద తవ్వి గుల్ల చేస్తే మొక్క తర్వాత కూరుకుపోతుంది. గుంత గోడలు పారతో నున్నగా అయితే గునపంతో గీతలు పెట్టాలి. బంకమట్టిలో ఆ నున్నటి గోడ కుండలా పనిచేస్తుంది, వేరు దాన్ని దాటక లోపలే తిరుగుతుంది.

గుంతలో ఎరువు కలపలేదు. తవ్విన మట్టినే తిరిగి నింపాం. చాలామంది సగం మట్టి, సగం కంపోస్టు నింపుతారు. బరువు నేలలో ఇది చేటు. చుట్టూ మట్టి నీళ్లు పీల్చక, గుంతలోని మెత్తటి మిశ్రమమే అన్నీ పీల్చుకుని వేరు నానిపోతుంది. కంపోస్టు పైన పరిస్తే చాలు, వానపాములు దాన్ని కిందికి దించుకుంటాయి.

కుండీ ఆకారంలో చుట్టుకున్న వేర్లను పదునైన కత్తితో నాలుగు వైపులా నిలువుగా, రెండు సెంటీమీటర్ల లోతున కోయాలి, అడుగున ఒక కూడలి గాటు పెట్టాలి. మల్బరీ వేరు కండగలది, పెళుసు. చేత్తో పట్టి విడదీస్తే చీలికలు చీలికలుగా విరిగి గాయం పెద్దదవుతుంది. కత్తి గాటు శుభ్రంగా ఉంటుంది, త్వరగా మానుతుంది.

మాను వేర్లుగా విడే చోటు నేలకు రెండు సెంటీమీటర్లు పైన ఉండేట్టు నిలబెట్టాలి. చాలా కుండీల్లో ఆ చోటు మట్టి కింద పూడి ఉంటుంది. పైమట్టి గీకి మొదటి లావు వేరు కనబడేదాకా వెతికి, అక్కణ్ణుంచి కొలత తీసుకోవాలి. మట్టి సగం నింపి పది లీటర్లు పోసి, ఇంకాక మిగతాది నింపాలి. కాలితో తొక్కవద్దు, మట్టిని నీళ్లే సర్దుతాయి. చుట్టూ 90 సెంటీమీటర్ల అడ్డంతో పాదు కట్టి మరో పదిహేను లీటర్లు పోశాం.

ఊతకర్రలు రెండు, ఒక్కొక్కటి 210 సెంటీమీటర్లు. నాటేముందే, వేరుముద్దకు బయట, 60 సెంటీమీటర్లు నేలలోకి కొట్టాలి. నాటాక కొడితే వేర్లు తెగుతాయి. మామూలు మొక్కకు సగం ఎత్తులో ఊతం చాలు, మాను ఊగుతూ బలపడుతుంది. దీనికి అది చాలదు. బరువంతా పైనే ఉంది, గాలి తగిలేదీ పైనే, సన్నటి మాను అంటు దగ్గర విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఒక కట్టు అంటుకు పది సెంటీమీటర్ల కింద, ఇంకోటి నడుమ. పాత సైకిల్ ట్యూబును ఎనిమిది అంకెలా తిప్పి కట్టాం. మాను రెండు వేళ్ల మందాన కదిలే వీలుండాలి. తీగతో కడితే ఒక్క పెరుగుదల కాలంలోనే బెరడును కోసేస్తుంది.

ఎండుటాకులు, చెక్కపొట్టు ఎనిమిది సెంటీమీటర్ల మందాన పరిచాం. మాను చుట్టూ పది సెంటీమీటర్లు ఖాళీ. మాను చుట్టూ కుప్పగా పోస్తే బెరడు తడిసి కుళ్లుతుంది, ఎలుకలు కొరికినా కనబడదు.

తొలి ఆరు వారాలు

మల్బరీ మొగ్గ ఆలస్యంగా మేల్కొంటుంది. పక్క చెట్లన్నీ ఆకులేసినా ఇది ఎండుపుల్లలా నిలబడి ఉంటే చచ్చిపోయిందని పీకే పని పెట్టుకోవద్దు. సన్న కొమ్మ మీద గోటితో గీకితే కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొసలు ఎండినవి ఉంటే పచ్చదనం మొదలయ్యే చోటు దాకా కోయాలి, మిగతాది ముట్టుకోకూడదు. ఈ కాలంలో వేరు పెరగడానికి ఆకు కావాలి.

నీళ్లు: ఆకు రాకముందు వారానికోసారి, ఆకు విచ్చాక మూడు నాలుగు రోజులకోసారి, ప్రతిసారీ 15 నుంచి 20 లీటర్లు. రోజూ కాస్త కాస్త చల్లితే పైన రెండంగుళాలే తడుస్తుంది, వేరు పైకే వస్తుంది. వేలు రెండు కణుపుల దాకా దించి చూడాలి. వేరుముద్దలో వేరుగా, బయటి మట్టిలో వేరుగా చూడాలి. కుండీ మట్టి తేలికైనది, చుట్టూ తడిగా ఉండగానే అది ఎండిపోవచ్చు. అప్పుడు పాదు నిండా నీళ్లు కనబడుతున్నా మొక్క వాడుతుంది. అలాంటప్పుడు మాను మొదట్లోనే నెమ్మదిగా పోయాలి.

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే కంగారు లేదు. పొద్దున్నే వాడి ఉంటేనే నీళ్ల సమస్య. ముదురాకులు మొత్తంగా పసుపుబారి రాలుతుంటే అది నీళ్లు ఎక్కువైన గుర్తు. లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో వస్తుంది. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట వారం తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

మొదటి వేసవి

ఈ దశలో తప్పనిసరి పని పిలకలు తుంచడం. అంటు కింద మాను మీదా, వేరు దగ్గరా వచ్చే ప్రతి చిగురూ కింది మొక్కదే. దానికి వేలాడే గుణం లేదు, నిలువుగా దూసుకుపోతుంది, వేరు పంపే బలమంతా ముందు తానే తీసుకుంటుంది. ఒక్క కాలం వదిలేస్తే గొడుగు చిక్కిపోయి, దాని మధ్యలోంచి మామూలు మల్బరీ చెట్టు లేస్తుంది. 'వేలాడే చెట్టు మామూలు చెట్టుగా మారిపోయింది' అని జనం చెప్పే కథ వెనక ఉండేది చాలావరకు ఇదే.

చిగురు వేలెడు ఉండగానే బొటనవేలితో కిందికి తోసి ఊడబెరకాలి. కత్తెరతో కోస్తే అడుగున చిన్న మొడి మిగిలి, దాని పక్క మొగ్గల నుంచి రెండు మూడు లేస్తాయి. పది రోజులకోసారి మానును కింది నుంచి పైకి తడిమి చూస్తే చాలు.

ఇక్కడ ఆకు ఆకారం చూసి తేల్చుకోవాలనుకుంటే పప్పులో కాలేసినట్టే. మల్బరీ ఒకే చెట్టు మీద తమ్మెలు చీలిన ఆకునూ, గుండ్రటి ఆకునూ వేస్తుంది. బలంగా పెరిగే లేత కొమ్మ మీద చీలిన ఆకులు ఎక్కువ. కనుక అంటు పైన చీలిన ఆకు వచ్చినా అది పిలక కాదు, కింద గుండ్రటి ఆకు వచ్చినా పిలకే. చూడవలసింది ఎక్కణ్ణుంచి పుట్టిందన్నదొక్కటే. అంటు పైన నిలువుగా లేచిన చిగురును కూడా తొందరపడి తీయవద్దు. జానెడు, మూరెడు పైకెళ్లాక అదీ వంగుతుంది. గొడుగుకు ఎత్తు ఇచ్చేవి అవే.

గొడుగు ఇంకా మానును కప్పదు కాబట్టి సాయంత్రపు ఎండ తగిలే వైపు బెరడు చీలవచ్చు. పలుచటి సున్నపు నీళ్లు పూయడం చాలు.

ఎరువు: పెరుగుదల మొదలయ్యాక బాగా చివికిన పశువుల ఎరువు అయిదు కిలోలు పాదులో, అంతే. నత్రజని ఎక్కువైతే కొమ్మలు మెత్తగా, తాళ్లలా సాగి, నేలకు తగిలి, పిండినల్లికి విందవుతాయి.

మొదటి కత్తిరింపు

ఆకు రాలింది. కొమ్మలు ఏడు, ఒక్కొక్కటి మీటరు దాటి, మానును ఆనుకుని నిలువునా కిందికి వేలాడుతున్నాయి. వెడల్పు 70 సెంటీమీటర్లు కూడా లేదు. నాటిన తొలి ఏడాది ఈ చెట్టు ఇలాగే ఉంటుంది, చూడటానికి తిరగేసిన చీపురు.

ఎక్కువమంది ఇక్కడ చేసేది కొసలు సమంగా కత్తిరించడం. నేలకు తగులుతున్నాయని జుట్టు కత్తిరించినట్టు వరసగా కోస్తారు. కోసిన చోట నుంచి మళ్లీ కిందికి పెరిగేవే వస్తాయి. కొమ్మ కింది భాగం చిక్కబడుతుంది, పై భాగం అలాగే ఉంటుంది, వెడల్పు రాదు. మూడేళ్లకు లోపల వెలుతురు లేక పుల్లలెండి, బయట ఒక దట్టమైన పొర మిగులుతుంది. చెట్టుకు రోగమేమీ లేదు, ఆకారమే పోతుంది.

కోయవలసింది వంపు దగ్గర. కొమ్మ అంటు నుంచి బయలుదేరి కొంత దూరం పక్కకు వెళ్లి, తర్వాత కిందికి తిరుగుతుంది. ఆ తిరిగే చోటుకు కాస్త ఇవతల, కొమ్మ పై ముఖాన ఆకాశం వైపు చూస్తున్న మొగ్గను వెతికి, దానికి అయిదు మిల్లీమీటర్ల అవతల కోయాలి. ఆ మొగ్గ నుంచి వచ్చే చిగురు ముందు పైకి, బయటికి పోయి, 30, 40 సెంటీమీటర్లు సాగాక వంగుతుంది. అంటే వంపు ఏటా ఆ మేరకు బయటికి జరుగుతుంది. గొడుగు వెడల్పు పెరిగే దారి ఇదొక్కటే. కోసిన కొమ్మ కింది ముఖపు మొగ్గతో ముగిస్తే చిగురు నేరుగా కిందికి దిగుతుంది, ఆ ఏడాది వృథా.

మొదట చనిపోయినవీ, ఒకదానికొకటి రాసుకునేవీ, మానువైపు లోపలికి తిరిగినవీ మొదలంటా తీశాం. ఏడింటిలో అయిదు నిలిచాయి. చుట్టూ దాదాపు సమాన దూరంలో ఉన్నవాటిని ఉంచడం కొమ్మ లావుకంటే ముఖ్యం. తర్వాత ఆ అయిదింటినీ 30 నుంచి 40 సెంటీమీటర్లకు కుదించాం. సన్న కొమ్మను ఎక్కువ కోయాలి, లావు కొమ్మను తక్కువ. గట్టిగా కోసిన కొమ్మ గట్టిగా చిగురిస్తుంది, కాబట్టి బలహీనమైన వైపు ఈ లెక్కతోనే సమం అవుతుంది.

పని అయ్యాక చెట్టు చూస్తే అయిదు మొడి వేళ్లున్న చెయ్యిలా ఉంటుంది. ఇంత కోయడానికి చేయి రాక సగం మీటరు వదిలేసేవాళ్లే ఎక్కువ. వదిలిన సగం మీటరులో వంపు అవతలి భాగం ఉంటుంది, అక్కడి మొగ్గలన్నీ కిందికి చూసేవే.

కాలం గురించి. ఆకు రాలాక, మొగ్గ ఉబ్బకముందు కోయాలి. రసం పారుతున్నప్పుడు కోస్తే గాయం రోజుల తరబడి కారుతుంది. తెల్లటి పాలు చేతికి తగిలితే కొందరికి దురద పెడుతుంది, గ్లవ్స్ వేసుకోవడం నయం. ఆకు రాల్చని వెచ్చని చోట్ల చలి ఎక్కువగా ఉన్న వారాల్లో కోయాలి. గాయానికి రంగూ తారూ పూయనక్కర్లేదు, తేమను లోపల బంధించడం తప్ప అవి చేసేదేమీ లేదు. అయిదు సెంటీమీటర్లు మించిన గాయం మాత్రం మల్బరీలో సరిగా పూడదు, లోపలికి కుళ్లు దిగుతుంది. అందుకే తీయవలసిన కొమ్మను సన్నగా ఉండగానే తీసేయాలి. ఒక్కో చెట్టుకు ముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి.

రెండో ఏడాది

మొగ్గలు విచ్చిన నెలకు లెక్క తేలింది. పైకి చూసే మొగ్గలన్నీ అనుకున్నట్టే బయటికి విసిరాయి. కాలం నడుమకు వంపు మాను నుంచి 75 సెంటీమీటర్ల దూరంలో ఉంది, కొసలు మోకాలి ఎత్తుకు దిగాయి. కోసినచోట రెండు మూడు చిగుళ్లు గుంపుగా వస్తే ఒక్కటి, మరీ ఖాళీ ఉన్న వైపయితే రెండు ఉంచి మిగతావి లేతగానే తుంచేశాం.

చీడల్లో ముందుగా వచ్చేది పిండినల్లి. కొసల్లో ఆకులు ముడుచుకుని, ముదురు పచ్చగా మందమై, ముద్దగా ఉండిపోతాయి. చీమలు బారులు తీరి ఉంటే ముద్ద విప్పి చూడండి, లోపల తెల్ల పిండి ఉంటుంది. మందు కొడితే ముద్ద లోపలికి చేరదు. కొసను నాలుగు వేళ్లు కలిపి తుంచి సబ్బు నీళ్ల బకెట్లో వేయడం ముందు పని. తర్వాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగతో కలిపి ఆకు అడుగులు తడిసేట్టు, పది రోజుల తేడాతో రెండుసార్లు. చీమలను ఆపకపోతే పిండినల్లి పోదు, మానుకు జిగురు పట్టీ చుట్టాలి. ఆ పట్టీ ఊతకర్రలకూ చుట్టాలి. చీమకు దారి ఏదైతేనేం.

బూడిద తెగులు వాన తగ్గి మంచు మొదలయ్యే కాలంలో, ఆకు అడుగున తెల్ల మచ్చలుగా వస్తుంది. పైనుంచి చూస్తే పసుపు మచ్చలే కనబడతాయి. గొడుగు లోపల గాలి ఆడితే తీవ్రం కాదు. ఎక్కువైతే నీటిలో కరిగే గంధకం లీటరుకు రెండు గ్రాములు, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో మాత్రం వద్దు, ఆకు మాడుతుంది. ఈ చెట్టు ఆకును పట్టుపురుగులకు వేసే ఆలోచన ఉంటే గంధకం, వేపనూనె రెండూ వాడవద్దు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కాండం గాటు పురుగు. పేడపురుగంత ఉండే, పొడుగు మీసాల బూడిదరంగు పురుగు, రాత్రిపూట బెరడును ఉంగరంలా చుట్టూ కొరుకుతుంది. పైభాగం ఎండిపోతుంది. కొమ్మ మీదయితే ఉంగరం కింద దాకా కోసి తగలబెడితే సరి, ఎండినదాంట్లోనే గుడ్లుంటాయి. మాను మీద ఉంగరం పడితే అంటు మొక్క కథ ముగిసినట్టే, కింది నుంచి లేచేది మామూలు మల్బరీ. అందుకే పిలకల కోసం మాను తడిమేటప్పుడు బెరడు కూడా చూడాలి.

ఈ కాలం చివర కింది కట్టు తీసేశాం. పై కట్టు ఇంకో ఏడాది. మాను అంటు దగ్గర నాలుగు సెంటీమీటర్ల అడ్డం దాటి, కట్టు విప్పి చూస్తే గాలికి వంగి తిరిగి నిలబడుతుంటే కర్రలు అక్కర్లేదు.

రెండో, మూడో కత్తిరింపులు

పద్ధతి అదే, చోటు మారుతుంది. రెండోసారి కొత్త వంపు పైభాగాన, మాను నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర పైకి చూసే మొగ్గకు కోశాం. ప్రతి కొమ్మ మీదా పక్క రెమ్మలు వచ్చి ఉంటాయి, వాటిలో పైనుంచి, పక్కల నుంచి వచ్చినవి ఉంచి, కింది ముఖం నుంచి వేలాడేవన్నీ తీసేయాలి. ఇవే లోపలి చీకటికి కారణం. మూడో కాలంలో వంపు 120 దాటింది, గొడుగు వెడల్పు అనుకున్న కొలతకు వచ్చింది.

మూడో కత్తిరింపు నుంచి కుదింపు తగ్గించవచ్చు. ఇక వెడల్పు అక్కర్లేదు కాబట్టి ఏటా మూడో వంతు పాత కొమ్మలను వంపు వెనక్కి కోసి, మిగతావాటిని వదిలేస్తే తెర దట్టంగా, వేర్వేరు పొడవుల్లో వేలాడుతుంది. నేల నుంచి 35 సెంటీమీటర్లు ఖాళీ ఉంచాలి. అప్పుడు కొసల్ని కత్తిరించడంలో తప్పులేదు, కానీ అన్నీ ఒకే గీతలో కాకుండా హెచ్చుతగ్గులుగా.

ఎత్తు చాలదనిపిస్తే దారి ఉంది. అంటు నడిమధ్య నుంచి లేచిన బలమైన చిగురును ఎంచి, ఊతకర్రకు మరో కర్ర జోడించి, 15 సెంటీమీటర్లకో కట్టుతో నిలువుగా కట్టాలి. ఒక పెరుగుదల కాలం అలా ఉంచితే చెక్క గట్టిపడి నిలబడిపోతుంది. తర్వాతి గొడుగు దాని కొసన మొదలవుతుంది. 40 సెంటీమీటర్లకు మించి ఒకేసారి లేపితే పై బరువుకు వంగుతుంది.

కాయలు రెండో కాలం నుంచే కొద్దిగా వచ్చాయి. కొత్త చిగురు ఆకుతో పాటే పూత తెస్తుంది, కాబట్టి గట్టిగా కోసినా కాపు పూర్తిగా పోదు. పిట్టల కంటే ముందు కోసుకోవాలంటే గొడుగు మీద వల కప్పడం సులువు, చెట్టు చేతికి అందే ఎత్తే కదా.

కోసిన కొమ్మల్లో పెన్సిల్ లావున్నవాటిని మూడు నాలుగు కణుపుల ముక్కలు చేసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే వేర్లు పడతాయి. అయితే అలా పెంచిన 'పెండ్యులా' నేల మీద పాకే పొదే అవుతుంది, మాను కట్టదు. గొడుగు కావాలంటే ముందు మామూలు మల్బరీని ఒకే కాండంగా 160 సెంటీమీటర్లు పెంచి, దాని తలను కోసి, ఈ ముక్కల్నే మూడు దిక్కులా అంటు కట్టాలి. మల్బరీ కాండం కడ్డీ పట్టుకుని తిన్నగా లేస్తుంది, వెచ్చని చోట్ల ఒకటి రెండు కాలాల్లో ఆ ఎత్తుకు వస్తుంది. అంటు కొమ్మల్ని నిద్రావస్థలోనే కోసి, తడిగుడ్డలో చుట్టి చల్లగా ఉంచాలి. కింది మొక్క మొగ్గ కదిలాక కట్టాలి, అప్పుడే బెరడు చెక్క నుంచి తేలిగ్గా లేస్తుంది.